కోళ్లకు అప్పిచ్చినాయన

మా వీధి చివరింటి బ్యాంకు మేనేజరు గారు ఉద్యోగంలో ఉండగా ఎన్ని వందల కోళ్లకు అప్పులిచ్చారో ఆయనకే లెక్క తెలీదు. ఒక్క కోడినీ చేత్తో పట్టుకున్న పాపాన మాత్రం పోలేదు. ఆయనకు కోడంటే దరఖాస్తులో కుడివైపు చివరి గడిలో పడే అంకె. గేదె నయం, చెవికి బిళ్ల ఉండేది. చస్తే ఆ చెవి కోసి, గుడ్డలో చుట్టి తెచ్చి ఇన్సూరెన్సు కోసం బల్ల మీద పెట్టేవాళ్లు. మరి కోడి చస్తే ఏం తెచ్చి చూపిస్తారు? 1980ల నాటి ఐఆర్‌డీపీ అనే ప్రభుత్వ పథకం అప్పుల రోజుల్నుంచీ ఈ ప్రశ్న ఆయన్ని తొలుస్తూనే ఉంది. రిటైరయ్యాక తానే కోళ్లు పెంచి తేల్చుకుందామనుకున్నట్టున్నారు.

ఇలాంటివాళ్లు మా గుంటూరు చుట్టుపక్కల ఇప్పుడు వీధికొకరు. పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుని, ఫోన్లో నాటుకోళ్ల వీడియో ఒకటి చూసి, మధ్యాహ్నానికల్లా పెరట్లో ఇనుప వల బిగించేస్తారు. "బయట నాటుకోడి కిలో ఎంతుందో తెలుసా?" అని అడిగి, మనం చెప్పేలోపు వాళ్లే చెప్పేస్తారు. ఏడాది తిరిగినా ఒక్క కోడినీ కోయరు. కోస్తే రిజిస్టర్లో ఖాతా మూసెయ్యాలి కదా, మనసొప్పదు.

మేనేజరు గారు మొదట గ్రామప్రియ పెట్టలు తెచ్చారు. మన హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో రూపొందిన రకం. చక్కగా గుడ్లు పెట్టాయి. ఈయన వాటి ఎదురుగా కుర్చీ వేసుకుని అవి ఎప్పుడు పొదుగుకొస్తాయా అని ఎదురుచూశారు. గుడ్ల కోసం తీర్చిదిద్దిన రకాల్లో పొదుగు బుద్ధి చాలా వరకు పోతుందని ఎవరూ చెప్పలేదు. అవి గుడ్డు పెట్టి, పని అయిపోయినట్టు లేచి వెళ్లిపోయేవి. "సర్వీసు ఉంది, అంకితభావం లేదు" అని తన కోళ్ల రిజిస్టర్లో వాటి పేజీలో రాసుకున్నారు.

తర్వాత ఎవరో ఒక నల్ల అసీల్ పెట్టనిచ్చారు. రెండు నెలలకది రెక్కలు విప్పి, ఈకలు నిక్కబొడిచి, దగ్గరికెళ్తే గుర్రుమంటూ గూట్లో కూలబడింది. మేనేజరు గారి ఆనందానికి హద్దుల్లేవు. ఆయన భార్య అక్కయ్య గారి పుట్టింటి టేకు బీరువా సొరుగొకటి ఊడబీకి, వరిగడ్డి పరిచి, పన్నెండు గుడ్లు పెట్టారు. ఉరుములకు గుడ్లు పాడవకుండా ఇనుప మేకు, బొగ్గుముక్క, ఎండు మిరపకాయ కూడా పడ్డాయి. "మీకు వీటి మీద నమ్మకముందా?" అని నేనడిగితే, "అదనపు హామీ" అన్నారు.

ఆ రోజు నుంచీ ఆ పెరటికి పురిటిగది నియమాలు వచ్చాయి. కుక్కర్ మూడు కూతలకు మించి కుయ్యకూడదు. ఏడో రోజు రాత్రి లైటార్పి, ఒక్కో గుడ్డు వెనక టార్చి పెట్టి చూశారు. తొమ్మిదింట్లో నరాలు సాలెగూడులా కనిపించాయి, మూడు ఖాళీగా వెలిగాయి. ఆ మూడింటినీ నిరర్థక ఆస్తుల కింద రాసేశారు.

పన్నెండో రోజున కథ అడ్డం తిరిగింది. పెట్ట తురాయి పాలిపోయింది. రోజుకోసారి మేతకు లేచేది కాస్తా రెండుసార్లు, మూడుసార్లు లేస్తోంది. గుడ్ల మీద సన్నటి నెత్తుటి చుక్కలు. పాలు పోసే మామ్మ ఒక్క చూపు చూసి "కోడిపేలు బాబూ, వావిలాకు వెయ్యి" అంది. మేనేజరు గారు కళ్లజోడు పెట్టుకుని పెట్ట ఈకలు వెతికారు, గడ్డి వెతికారు. ఒక్క పురుగు కనపడలేదు. మామ్మ మాట ఆధారం లేని ఫిర్యాదని తేల్చారు. ఆ రాత్రి మంచమెక్కాక ఆయనకు ఒళ్లంతా దురద. అక్కయ్య గారికీ దురదే. మర్నాడు ఈ సంగతి వింటూ నేనూ గోక్కున్నాను. చదివేవాళ్లకూ ఈపాటికి మొదలయ్యుండాలి.

ఆ పొద్దునే ఆయన పురుగుమందుల కొట్టుకు వెళ్లి నల్లి మందు కావాలన్నారు. మిరప దేశం కదా, కొట్టతను తలెత్తకుండానే అడిగాడు.

"పై ముడతా, కింది ముడతా?"

"ముడతేం లేదయ్యా. తురాయి పాలిపోయింది."

"ఎన్నెకరాలు సార్?"

"ఒక పెట్ట."

అప్పుడతను తలెత్తి చూశాడు. పంట మందులు కోడి మీద కొట్టొద్దని చెప్పి పశువుల ఆసుపత్రికి పంపాడు. కొట్టువాడు సరుకు అమ్మకుండా మనిషిని పంపేయడం నేను విన్నది ఇదొక్కసారే. అక్కడి డాక్టరమ్మాయి అంతా విని నవ్వేసింది. "ఎర్రనల్లి సార్. పగలు కోడి మీద ఉండదు. చీకటి పడ్డాక వచ్చి నెత్తురు తాగి, తెల్లారేలోపు చెక్క సందుల్లోకి పోతుంది. వారం పది రోజుల్లో కొత్త తరం తయారు. మేత లేకపోయినా నెలల తరబడి సందులో బతుకుతుంది. పొదుగు కోడి ఎటూ కదలదు, మట్టి స్నానానికీ తీరిక ఉండదు. దానికంతకంటే ఏం కావాలి? రేపు పిల్లలొచ్చాయంటే వాటి ఒంట్లో ఉండే నెత్తురెంత సార్!"

మేనేజరు గారు ఆ మాటలన్నీ విన్నారో లేదో గానీ, ఒక్కటి మాత్రం గుండెకు తగిలింది. పగలు వెళ్తే దొరకరు. రాత్రి వచ్చి తిని, తెల్లారేసరికి మాయం. ఏళ్ల తరబడి ఆయన చేసిన ఉద్యోగమే అది! ఎన్ని ఊళ్లలో పగటిపూట తాళం చూసి వెనుదిరగలేదు, ఎన్ని కోడికూతల వేళ తలుపు తట్టలేదు? కోళ్ల గురించి ఆయనకు తెలిసిందంతా తప్పే గానీ, బాకీదారు గురించి తెలిసింది మాత్రం అక్షరాలా నిజం.

ఆ రాత్రి పదింటికి టార్చి, తెల్ల రుమాలు పట్టుకుని పెరట్లో దిగారు. సొరుగు మూలల్లో, అతుకుల కింద రుమాలుతో ఒక్క తుడుపు తుడిచారు. ఎర్రటి చారలు! వెలుతురు పడితే బూడిద రాలినట్టున్నదల్లా కదులుతోంది. "దొరికారు" అన్నారు. ఆ గొంతు నేను మా గోడ ఇవతల నుంచి విన్నాను. అంత సంతోషంగా ఆయన మాట్లాడగా అంతకుముందు వినలేదు.

మామ్మ సలహా మీద అతుకుల్లేని మట్టి మూకుడొకటి తెచ్చారు. పొడి ఇసుక, జల్లించిన బూడిద, పైన కొత్త గడ్డి, దాని కింద వావిలాకు. చీకట్లోనే పెట్టనీ తొమ్మిది గుడ్లనీ మార్చారు. పెట్ట ఆయన మణికట్టు మీద వేలిముద్రంత గాయం చేసింది. పాత గడ్డి తగలబెట్టారు. గోడ పగుళ్లకు సున్నం కొట్టారు. సొరుగు మీద సలసల మరిగే నీళ్లు పోస్తుంటే అక్కయ్య గారు "మా నాన్న చేయించిన బీరువా" అని ఒకసారి కళ్లొత్తుకున్నారు. డాక్టరమ్మాయి చెప్పినట్టు ఐదారు రోజులాగి, పద్దెనిమిదో రాత్రి మళ్లీ రుమాలు, మళ్లీ కొత్త గడ్డి, బూడిద. మొదటి దెబ్బకు చావని నల్లి గుడ్లలోంచి వచ్చినవి ఈసారి పోయాయి. రిజిస్టర్లో దీన్ని రెండో నోటీసుగా రాశారు.

ఇరవై ఒకటో రోజుకు ఎనిమిది పిల్లలు. తొమ్మిదోది ఇరవై రెండో రోజు మధ్యాహ్నం తీరిగ్గా పెంకు పగలగొట్టుకుని వచ్చింది. దాని పేరెదురుగా "ఆలస్య రుసుము మాఫీ" అని ఉంది, నేను కళ్లారా చూశాను.

నెల తిరిగాక నాకూ ఆశ పుట్టి, రెండు పిల్లలివ్వమని అడిగాను. "దానికేం భాగ్యం" అన్నారు. రాత్రి పదింటికి మా గేటు చప్పుడైంది. టార్చి, రుమాలు, చంకలో రిజిస్టరు. మా తలుపు వాకిళ్ల సందులన్నీ ఒక్కొక్కటే తుడిచి, రుమాలు లైటు కింద పెట్టి చూసుకుంటూ, "మీ నాన్నగారి పూర్తి పేరు?" అన్నారు.