కొసరు నాన్న

బండి దగ్గర అరకిలో వంకాయలు తూయించుకున్నాక, పైన ఇంకో కాయ వేయించుకోందే కదలని మనిషి ప్రతి వీధిలోనూ ఉంటాడు. ఆ కాయని కొసరు అంటాం. అది లేకపోతే కూర ఉడకదని కాదు, మనసు నిండదు. ఈ జాతికే చదువుల శాఖ ఒకటుంది. పుస్తకంలో పది లెక్కలుంటే, పదకొండోది పిల్ల చేత చేయించందే వీళ్ళకి నిద్ర పట్టదు. వీళ్ళని నేను కొసరు నాన్నలంటాను. కొసరు అమ్మలూ లేకపోలేదు గానీ, దగ్గరుండి చూసే భాగ్యం నాకు మా తోడల్లుడి వల్ల కలిగింది.

మా తోడల్లుడు సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ మనిషి. పక్కవాడు చేసిన పనిని నమ్మకపోవడానికే ఆయనకి జీతమిస్తారు. కాపురం నిజాంపేటలో, అయిదో అంతస్తులో. వాళ్ళ బాల్కనీలో నిలబడితే కనిపించే బోర్డుల్లో సగం ఐఐటీ ఫౌండేషన్ బోర్డులు, మిగతా సగం ఆ ఫౌండేషన్‌కి వెళ్ళే పిల్లల కోసం టిఫిన్ సెంటర్లు. రెండేళ్ళ కిందట, పాప ఒకటో తరగతి అవగానే, ఈయన బంధువులందరినీ భోజనానికి పిలిచి బూరెలు వడ్డించి మరీ ప్రకటించాడు: పాపని బడి మాన్పిస్తున్నాం, ఇక ఇంట్లోనే చదువు.

ఊరికే తీసుకున్న నిర్ణయం కాదు. చలం 'బిడ్డల శిక్షణ' చదివాడు. గిజుభాయిని చదివాడు. 1964లో జాన్ హోల్ట్ రాసిన 'హౌ చిల్డ్రన్ ఫెయిల్'లో గీతలు గియ్యని పేజీ లేదు.

"పిల్లని ఒత్తిడి నుంచి కాపాడుకోవాలి అన్నయ్యగారూ! హోంవర్క్ అనే మాట మా ఇంట్లో వినపడకూడదు" అన్నాడు నాతో, బూరె చేత్తో పట్టుకుని.

మాట మీద నిలబడే మనిషి. హోంవర్క్ అనే మాట ఆ ఇంట్లో ఈ రోజుకీ వినపడదు. దాన్ని 'ఎక్స్‌ట్రా ప్రాక్టీస్' అంటారు.

లెక్కలకి సింగపూర్ పద్ధతి పుస్తకాలు తెప్పించాడు. ఆ దేశం వాళ్ళు 1980ల్లో తమ పిల్లల కోసం తయారు చేసుకున్న పద్ధతి అది. ముందు చేతికి వస్తువు, తర్వాత కాగితం మీద బొమ్మ, ఆ తర్వాతే అంకె. పేజీలో లెక్కలు తక్కువ, ఆలోచన ఎక్కువ. మొదటి వారం నేను వెళ్ళేసరికి హాల్లో పూసలూ పుల్లలూ పరిచి ఉన్నాయి. పాప పొడుగు పట్టీల బొమ్మలు గీసి, అక్క దగ్గర తమ్ముడి కన్నా ఎన్ని గోళీలు ఎక్కువో తేలుస్తోంది. నాకే ముచ్చటేసి ఒక లెక్క చేశాను. తప్పొచ్చింది.

రెండో వారం మా తోడల్లుడు లెక్కలు చెయ్యడం మానేసి లెక్కల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"అన్నయ్యగారూ, ఈ పాఠానికి ఆరే లెక్కలిచ్చారు. సరిపోతాయంటారా?"

"పాపకి వచ్చాయా?"

"వచ్చాయి. అదే నా భయం. ఆరింటికే వచ్చిందంటే, నిజంగా వచ్చినట్టేనా?"

ఆరు కేసులు పాసయితే ఏ టెస్టరూ సంతకం పెట్టడట. ఈ నాన్నల సంగతి ఆ పుస్తకాలు అమ్మేవాళ్ళకి ఏనాడో తెలుసు. టెక్స్ట్‌బుక్ ఒకటి, వర్క్‌బుక్ ఒకటి. అవి చాలనివాళ్ళకి 'ఎక్స్‌ట్రా ప్రాక్టీస్' అని వేరే పుస్తకం. అదీ ఆననివాళ్ళకి 'ఇంటెన్సివ్ ప్రాక్టీస్' అని మరోటి. కూరా, పప్పూ అయ్యాక పులుసు, ఆ పైన పెరుగు వచ్చినట్టు వరసగా వస్తాయి.

కొనాలా వద్దా అని ఆయన పదకొండు రోజులు ఆలోచించాడు. ఎక్సెల్ షీటు తెరిచాడు. ఒక నిలువులో లాభాలు, ఒక నిలువులో నష్టాలు, మూడో నిలువులో నివారణ. లాభాలు పద్నాలుగు వరసలు దాటాయి. నష్టాల కింద ఒక్కటే ఉంది: 'పాపకి విసుగు'. దానికెదురుగా నివారణ: 'స్టిక్కర్లు'.

మా మరదలు కాఫీ ఇస్తూ ఆ షీటు వంక చూసి, "పెళ్ళిచూపులప్పుడు ఈయన ఇంత ఆలోచించలేదు బావగారూ" అంది. అది ఫిర్యాదో, ఊరటో నాకు అర్థం కాలేదు.

పన్నెండో రోజున అన్నీ కొన్నాడు.

కొసరుకి అంతుండదు. ఆ తర్వాత ఆయనకి తోరు కుమోన్ కథ తగిలింది. 1954లో జపాన్‌లోని ఒసాకాలో ఒక లెక్కల మాస్టారు రెండో తరగతి చదివే తన కొడుకు కోసం చేత్తో లెక్కల కాగితాలు రాశాడు. ఆ కాగితాలే పెరిగి పెరిగి దేశదేశాల్లో సెంటర్లయ్యాయి. "చూశారా, ఆయనా నాలాంటి నాన్నే" అన్నాడు మా తోడల్లుడు, పోయిన జన్మలో విడిపోయిన అన్న దొరికినట్టు.

వెనకాలే ఎబ్బింగ్‌హాస్ దొరికాడు. ఈ జర్మన్ పెద్దమనిషి అర్థంలేని అక్షరాల గుంపుల్ని తనే బట్టీపట్టి, మనిషి ఎంత తొందరగా మరిచిపోతాడో కొలిచి 1885లో పుస్తకం వేశాడు. "మరుపు జారుడుబల్ల లాంటిది అన్నయ్యగారూ. ఇవాళ నేర్చుకున్నది రేపటికి సగం ఉండదు. ఎక్స్‌ట్రా ప్రాక్టీస్ తప్పదు!" అదే ఎబ్బింగ్‌హాస్ ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఒక్కరోజే కూర్చుని 68 సార్లు వల్లిస్తే ఎంత ఫలితమో, మూడు రోజులకి పంచుకుని 38 సార్లు వల్లించినా అంతే ఫలితం కనపడిందట. అంటే మందు మోతాదులో లేదు, ఎడం పాటించడంలో ఉంది. మా తోడల్లుడు ఆ పేజీ దాకా వెళ్ళలేదు. అప్పటికే ప్రింటర్ ఆన్ చేశాడు.

ఏడో ఎక్కం మీద నలభై షీట్లు, షీటుకి పాతిక లెక్కలు, వెరసి వెయ్యి. స్పైరల్ బైండింగ్‌కి జిరాక్స్ షాపుకి వెళ్తూ నన్నూ తోడు తీసుకెళ్ళాడు. షాపు కుర్రాడు ఆ కట్ట బరువు చూసి గౌరవంగా లేచి నిలబడ్డాడు.

"ఏ ఇన్‌స్టిట్యూట్ సార్?"

"ఇల్లే."

"స్టూడెంట్స్ ఎంతమంది సార్?"

"ఒక్కతే."

కుర్రాడు నా మొహం చూశాడు. నేను గోడ మీది ఆధార్ కార్డు లామినేషన్ రేట్లు చదువుకున్నాను.

పాప ఆ వెయ్యి లెక్కలూ మొదలుపెట్టింది. మంచిపిల్ల, రోజుకి నాలుగు షీట్లు, షీటుకో స్టిక్కరు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. దానికి ఏడెనిమిదులు యాభై నాలుగని ఎక్కడో పడిపోయింది. మా తోడల్లుడికి రాత్రిళ్ళు అమెరికా వాళ్ళతో కాల్స్, షీట్లు దిద్దేది ఆదివారాలే. సోమవారం నుంచి శనివారం దాకా పాప శ్రద్ధగా, ముద్దుగా, గుండ్రటి అక్షరాలతో యాభై నాలుగు రాసింది. మొదటి రోజు కాసేపు ఆగి, పెన్సిలు కొరికి రాసేది. శనివారానికి ఆలోచించకుండానే రాసేసింది. వేగం పెరిగిందని గ్రాఫు గీసి నాకు పంపాడు నాన్న. ప్రాక్టీసు ఏది చేయిస్తే దాన్నే గట్టిపరుస్తుంది, ఒప్పా తప్పా అని అడగదు. వేమన వేపాకు గురించి చెప్పిన సూత్రం తప్పు లెక్కకీ వర్తిస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

సంక్రాంతి వెళ్ళాక మా అత్తగారు భీమవరం నుంచి వచ్చారు. నాలుగు రకాల అప్పచ్చులతో పాటు చీరల మధ్య చెక్క వామనగుంటల పీట ఒకటి తెచ్చారు. ఆ ఆదివారం నేనూ మా ఆవిడా వెళ్ళేసరికి డైనింగ్ టేబుల్ దగ్గర పాపా, దాని ముందు ఇరవై తొమ్మిదో షీటూ, పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని నాన్నా. షీటు అవగానే ఆయన కింద నుంచి ఇంకోటి జరిపాడు.

"ఇంకొక్కటే అమ్మా. చిన్నది."

పాప ఏమీ అనలేదు. కుడిచెయ్యి చాపి అయిదు వేళ్ళూ కాగితం మీద అడ్డంగా పెట్టింది. పెళ్ళి భోజనాల్లో విస్తరి మీదకి వంగి 'చాలండీ, చాలు చాలు' అని అడ్డం పెడతామే, అచ్చం అట్లాగే. కొసరి వడ్డించడంలో మూడు జిల్లాల్లో పేరున్న ఇంటి అల్లుడు కదా, మా తోడల్లుడు ఆ వేళ్ళ సందులోంచే పెన్సిలు పెట్టి మొదటి లెక్క చూపించాడు.

అత్తగారు గుమ్మంలోంచి చూస్తున్నారు. "నాన్న కాఫీ తాగొస్తారు. ఈలోపు ఒక ఆట వేద్దాం, రావే" అని పాపని చాప మీదకి లాగేశారు.

పీట మీద రెండు వరసలు, వరసకి ఏడు గుంటలు. అత్తగారి ఆటలో గుంటకి నాలుగేసి చింతగింజలు.

"ఎదురెదురు గుంటలు కలిపితే ఎన్నే?"

"ఎనిమిది."

"అట్లాంటి జతలు ఏడున్నాయి. మరి డబ్బాలోంచి ఎన్ని తియ్యను?"

"యాభై నాలుగు" అంది పాప, రెప్ప వెయ్యకుండా. గ్రాఫు అబద్ధం చెప్పలేదు, వేగం నిజంగానే పెరిగింది.

అత్తగారు దిద్దలేదు. యాభై నాలుగు గింజలు లెక్కపెట్టి దాని ఒళ్ళో పోశారు. పాప పేర్చుకుంటూ పోయింది. పదమూడు గుంటలు నిండాయి. పద్నాలుగోది, తన వైపు చివరిది, సగంలో ఆగింది.

"అమ్మమ్మా, మోసం! నా గుంటలో రెండే ఉన్నాయి!"

"నువ్వు అడిగినన్నే ఇచ్చానమ్మా."

పాప పీట వంక చూసింది. వేలు పెట్టి జతజతగా లెక్కపెట్టింది. ఇంకోసారి లెక్కపెట్టింది. తర్వాత లేచి వంటింట్లోకి పరుగెత్తింది. "నాన్నా! ఏడెనిమిదులు యాభై ఆరు! యాభై నాలుగైతే నాకు రెండు గింజలు తక్కువొస్తున్నాయి!"

మా తోడల్లుడు కాఫీ గ్లాసు దించి కాసేపు మాట్లాడలేదు. వెయ్యి లెక్కలు, నలభై షీట్లు, స్పైరలు. ఎదురుగా రెండు చింతగింజలు. సింగపూర్ వాళ్ళు చేతికి వస్తువు ముందు ఇవ్వమన్నది ఇందుకేనని ఆయనకి తెలుసు, ఆ పేజీలోనూ గీత గీశాడు.

భోజనాల దగ్గర అడిగాడు. "మరి ఎక్స్‌ట్రా ప్రాక్టీస్ అసలు వద్దంటారా అత్తయ్యగారూ?"

"ఎందుకొద్దు బాబూ? కొసరు లేకుండా వడ్డనేమిటి? కాకపోతే ముందు ఆకు చూడాలి. ఆకు ఊడ్చేసి దిక్కులు చూస్తుంటే అడక్కుండానే వెయ్యాలి. పెట్టిందంతా అట్లాగే ఉంటే, ఎందుకు తినలేదో కనుక్కోవాలి. పప్పులో ఉప్పు తక్కువై తినకపోతే ఇంకో గరిటె పప్పు వేస్తే ఉప్పొస్తుందా?"

చెబుతూనే ఆయన విస్తట్లో ఇంకో గరిటె గుత్తివంకాయ వేశారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టే లోపే.

నేను పెద్దగా నవ్వాను గానీ, నవ్వే హక్కు నాకేం ఉంది? మావాణ్ణి ఆరో తరగతిలోనే హాస్టల్‌కి అప్పజెప్పి, వడ్డించే పని వేరేవాళ్ళకి ఇచ్చేసి వచ్చినవాణ్ణి. వాడు తిన్నాడో లేదో నాకు మార్కుల మెసేజీల్లోనే తెలిసేది. కొసరు నాన్న ఎంత విసిగించినా పిల్ల పక్కనే కూర్చుని విసిగిస్తాడు. ఆయన భయమంతా ఒకటే: నలుగురూ నడిచే దారి నేను మాన్పించాను, రేపు పిల్ల వెనకబడితే ఆ తప్పు నాదే కదా అని. ఆ భయానికి తెల్లకాగితం మంచి మందు. అయిదొందల కాగితాల కట్ట ఒకటి అయ్యేసరికి ఏదో చేసినట్టుంటుంది.

మారాడా అంటే మారాడు. పోయిన వారం ఫోన్ చేశాడు.

"అన్నయ్యగారూ, ఆ పీటలు ఇంకో మూడు ఎక్కడ దొరుకుతాయి? ఆరో ఎక్కానికి ఒకటి, ఎనిమిదికి ఒకటి, తొమ్మిదికి ఒకటి. పొద్దున ఆరున్నర నుంచి ఏడు దాకా వామనగుంటలు, లెవెల్ వన్. స్కోరు షీట్లు ప్రింటుకిచ్చాను."

మీ బంధువుల్లోనూ కొసరు నాన్న ఒకడుండే ఉంటాడు. ఒకవేళ కనపడకపోతే అద్దంలో వెతకండి. ఇంకో షీటు జరపబోయే ముందు ఒక్కసారి ఆకు చూడండి. వచ్చిన లెక్కకి, పిల్ల ఇంకా కావాలని చూస్తేనే కొసరు. వచ్చీరానట్టున్నదానికి రోజూ పది నిమిషాలు చాలు, అదీ ఆ రోజే దిద్దితే. అసలు రానిదానికి కాగితం కాదు, చింతగింజలు కావాలి.

తొందరేమీ లేదు. ఇంటిచదువు పిల్లలు చాలామంది పదో తరగతి పరీక్ష రాసేది 1989లో మొదలైన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా. ఆ పరీక్షకి కూర్చోడానికి కనీస వయసు 14 ఏళ్ళు. మా పాపకి మొన్న మార్చికి 8 నిండాయి.