ఇడ్లీ రవ్వ పద్యమునకు టీకా తాత్పర్యము

ఒక్క గ్లాసు పప్పు కొక్కటి కాదురా
రెండు గ్లాసు లగును దండి రవ్వ
పప్పు పదికి నెంత పడునురా రవ్వన్న
పదునొకండె యండ్రు పసిగణకులు

ప్రతిపదార్థము: ఒక్క గ్లాసు పప్పుకు = ఒక గ్లాసు మినప్పప్పునకు (కందిపప్పని భ్రమించినవానికి గుండుసున్న); ఒక్కటి కాదురా = ఒక గ్లాసు చాలదోయి; దండి రవ్వ = ఇడ్లీ రవ్వ, 'దండి' ప్రాసయతి కొరకు వచ్చినదే గాని గ్లాసు పొర్లునట్లు కొలువుమని కాదు; రెండు గ్లాసులు అగును = స్పష్టము; పసిగణకులు = ఆరవ తరగతివారు; పదునొకండె అండ్రు = పదకొండే అని ముక్తకంఠముతో అరతురు.

తాత్పర్యము: ఇరువది.

విశేషము: పదకొండు అనుటలోనూ ఒక దర్శనము కలదు. ఒకటికీ రెండుకూ తేడా ఒకటి. పదికీ ఆ ఒకటే కలిపిరి. 'నిష్పత్తి–అనుపాతం' పాఠము వచ్చువరకు వారికి తేడాయే సర్వస్వము. అన్న రెండేళ్ళు పెద్దయైనచో ముసలితనమునను రెండేళ్ళే పెద్ద. మాష్టారు తొందరపడి "అడ్డంగా గుణించండ్రా" అన్నచో ఇరువది వచ్చును గాని, పదకొండు లోపలనే దాగి పరీక్షనాడు బయల్పడును. ఫలమును (ఇట రెండు) ఇచ్ఛచే (పది) గుణించి ప్రమాణముచే (ఒకటి) భాగించుమని ఆర్యభటుడు 499లోనే చెప్పెను. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లనకును ఈ త్రైరాశికము ఎరుకయే. ఐనను మా మతము వేరు: పది గ్లాసుల పప్పులో పదకొండు గ్లాసుల రవ్వనే కలిపించి, ఆవిరిపై ఉడికించి, ఆ పదార్థమును పసిగణకులకే వడ్డింపవలెను. గాంధీనగర్ బాబాయి హోటల్ వెన్నయు దానిని రక్షింపజాలదు.

పూర్వపక్షము: వంటకు సరే, లోకవ్యవహారమునకు తేడా న్యాయము చాలదా?

సమాధానము: ప్రకాశం బ్యారేజీ మీద నిలిచి ఆలోచింపుము. 811 టీఎంసీల కృష్ణా జలాలను 2015 నాటి తాత్కాలిక ఏర్పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు 512:299గా పంచెను. దీని సూక్ష్మరూపము అడుగరాదు. ఈ రెంటికీ ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకము లేదు. (ఇందు రాజకీయార్థము స్ఫురించినచో శ్లేష.) ఏరు తగ్గి 611 మాత్రమే వచ్చెననుకొనుము. పసిగణకులు చెరి నూరు కోసి 412, 199 అందురు. నిష్పత్తి చొప్పున ఆంధ్రప్రదేశ్‌కు వచ్చునది సుమారు 386. అనగా పదకొండు అన్న పిల్లవాని లెక్కలో మన వైపునకు 26 టీఎంసీలు అధికము! కావున నాగాయలంక శివారు ఆయకట్టు రైతు కొడుకు ఈ తప్పు దిద్దుకొననని మొరాయించినచో, సగము మార్కులైనను వేయవలెనని డెల్టా వ్యాఖ్యాతల మతము.