గర్జించే ముందు తలలు లెక్కపెట్టుకో

అల్లుడూ, జూలు మొలుస్తోందట కదా! మూడో ఏడు నడుస్తోంది. మాంసం దగ్గరికి నువ్వు వచ్చినప్పుడల్లా నాన్న గుర్రుమంటున్నాడంటే ఆ మందలో నీ కూడు చెల్లిపోయినట్టే. మూటాముల్లే ఎలాగూ లేవు, బయల్దేరు.

పరాయి రాజ్యం పట్టాలంటే ముందు అన్నదమ్ములు కావాలి, పంజా సంగతి తర్వాత. కాబట్టి వీలైతే ఒకే ఈడు మగపిల్లలు బోలెడంతమంది ఉన్న మందలో పుట్టు. పుట్టేశానంటావా, సరే, దారిలో తగిలిన దిక్కులేనివాణ్ణెవణ్ణో తమ్ముడూ అని పిలుచుకో. ఇద్దరు ముగ్గురి జట్టుకు ఆ మాత్రం చుట్టరికం చాలు. పెద్ద జట్లలో మాత్రం రక్తసంబంధమే కనిపిస్తుంది. అక్కడ అందరికీ సంతానం దక్కదు మరి. పరాయివాడి పిల్లలకు ఊరికే కాపలా కాసేంత మంచితనం మన జాతిలో లేదు.

నమూనా కావాలంటే మాపోగోలనే మగసింహాల జట్టుంది. దక్షిణాఫ్రికాలో, క్రూగర్ పార్కును ఆనుకున్న సాబీ సాండ్ అడవిలో 2006లో ఆరుగురు కలిసి పెత్తనానికి దిగారు. పెద్దవాడు మఖులు. ఆరుగురు ఒక్కచోట చేరితే ఎదురు నిలిచేదెవరు? అడ్డొచ్చిన సింహాలను ఆడా మగా చూడకుండా చంపారు, కొన్నింటిని తిన్నారు కూడా. అంతదాకా నువ్వు పోనక్కర్లేదు, చూడ్డానికి జీపుల్లో జనం వస్తారు.

గెలిచిన వెంటనే పాత మగవాడి కూనలను చంపెయ్యి. వాటిని బతకనిస్తే తల్లి మళ్లీ ఈనడానికి రెండేళ్లు పడుతుంది. చంపితే త్వరలోనే ఎదకొస్తుంది. మన పదవీకాలమే రెండు మూడేళ్లు, మొహమాటానికి వ్యవధి ఎక్కడిది? ఆ తర్వాత పొదపొదకీ మూత్రం చల్లు, అది నీ పట్టా. రాత్రిళ్లు ఎనిమిది కిలోమీటర్లు వినిపించేలా గర్జించు, అది ఏటేటా కట్టే శిస్తు. జూలు నల్లబడితే మంచిదే; ఆడవాళ్లు మెచ్చుకుంటారు, పగవాళ్లు జంకుతారు. ఎండాకాలం మాత్రం ఉడికిపోతావు.

ఇక రాజ్యం పోగొట్టుకునే పద్ధతి. అది కూడా మాపోగోలకు బాగా తెలుసు. మిస్టర్ టీ, కింకీ టెయిల్ అనే ఇద్దరు వేరుపడి తూర్పున సొంత సంసారం పెట్టుకున్నారు. 2010 జూన్‌లో మజింగిలానేలనే ఐదుగురు కుర్రాళ్లు ఆ వైపు వచ్చారు. ఇద్దరూ కలిసి వాళ్లలో ఒకణ్ణి చంపారు కూడా. శభాష్. తర్వాత మిగిలిన నలుగురూ కలిసి కింకీ టెయిల్‌ను చంపేశారు. మిస్టర్ టీ పారిపోయి పాత ఇంటికి చేరాడు. చేరినవాడు ఊరుకున్నాడా? సొంత అన్నదమ్ముల కూనలనే చంపాడు. ఆశ్రయమిచ్చిన ఇంటికి అంతకు మించిన కానుక ఏముంటుంది! 2012 నాటికి జట్టులో ముగ్గురే మిగిలారు. ఆ మార్చిలో సెలాటీ మగసింహాలు వచ్చి మిస్టర్ టీని చంపాయి. మఖులు, ప్రెటీ బాయ్ తగాదాకు దిగకుండా తప్పుకుని, ముసలితనం చూసుకునేదాకా బతికారు. వాళ్లిద్దరి గురించి సినిమా ఎవరూ తీయరులే.

ఆడవాళ్లకు ఈ లెక్కలు బాగా వచ్చు. సెరెంగెటీలో పరిశోధకులు దాచిపెట్టిన స్పీకర్లలోంచి పరాయి ఆడసింహాల గర్జనలు వినిపించినప్పుడు, అవతల ఎన్ని గొంతులో, ఇవతల ఎంతమందిమో చూసుకునే కదిలేవారు. మగవాళ్లకు అదే పరీక్ష పెడితే, అవతల ముగ్గురున్నా, పక్కన తోడు లేకపోయినా, నేరుగా స్పీకర్ మీదికి నడిచారు. కాబట్టి గర్జన వినిపించగానే ఒకసారి ఇంట్లోవాళ్లను అడుగు, ఎంతమందో చెబుతారు. నీకు అడిగే తీరిక ఉండదనుకో, అప్పటికే సగం దూరం పోయి ఉంటావు.