రేటింగన్న

కొల్లాపూర్ బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో మూల బెంచీ చుట్టూ జనం మూగారంటే ఊళ్లో ఎవరో పోయారనో, ఎలక్షన్లు వచ్చాయనో కంగారు పడకండి. కొత్త సినిమా వచ్చింది, రేటింగన్న చూసొచ్చాడు, అంతే. ఆయన అసలు పేరు ఆధార్ కార్డు మీద ఉంది, ఓటర్ల లిస్టులో ఉంది, ఊరి నోట్లో మాత్రం లేదు. ఎండాకాలమంతా మామిడి తోటల వెంట కమీషన్ పని చేస్తాడు. మిగతా కాలం తెలుగు సినిమా మంచిచెడ్డలు చూసుకుంటాడు. బుట్టలోంచి ఒక్క బేనిషాన్ కాయ తీసి, తొడిమ దగ్గర ముక్కు పెట్టి, తోట మొత్తానికీ రేటు కట్టే మనిషికి ట్రైలర్ చూసి సినిమాకు రేటు కట్టడం ఒక లెక్కా?

ఆయన వేసే మార్కు ఎప్పుడూ ఒక్కటే: అయిదుకు 2.75. మూడు వేస్తే రేపు సినిమా ఆడకపోతే ఊరికి జవాబు చెప్పుకోవాలి. రెండున్నర వేస్తే హీరో అభిమానులు సాయంత్రానికల్లా ఇంటికొస్తారు. 2.75 దగ్గర నిలబడ్డవాణ్ని ఇప్పటిదాకా ఎవరూ కొట్టలేదు. అభిమాని అడిగితే “2.75 తమ్మీ, అయినా చూడాలె” అంటాడు. మిగతావాళ్లు అడిగితే “2.75, అంతే” అని పెదవి విరుస్తాడు.

‘కల్కి 2898 ఏడీ’ 2024 జూన్ 27న, గురువారం విడుదలైంది. రేటింగన్న బుధవారమే మహబూబ్‌నగర్ పోయి, చుట్టాలింట్లో పడుకుని, పొద్దున్నే మొదటి ఆటకు తయారయ్యాడు. నిజానికి తెల్లారకముందే రివ్యూ అయిపోయింది. డల్లాస్‌లో మేనల్లుడు ప్రీమియర్ చూసి బయటికొస్తూనే ఫోన్ చేశాడు. “మామా, ఫస్టాఫ్ జర ల్యాగుంది. అశ్వత్థామగా అమితాబ్ ఇరగదీసిండు. లాస్టు మాత్రం వేరే లెవలు.” ఆ తర్వాత రేటింగన్న మూడు గంటలు కూర్చున్నది మేనల్లుడి మాట మీద సంతకం పెట్టడానికే.

“ఎట్లుందన్నా?”

చాయ్ వచ్చేదాకా జవాబుండదు. ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, “గ్రాఫిక్స్ మంచిగున్నయ్. ఎమోషన్ కనెక్ట్ కాలే” అన్నాడు. అంతరిక్షం సినిమాకైనా అత్తాకోడళ్ల సినిమాకైనా ఈ రెండో ముక్క ఆయన దగ్గర సిద్ధంగా ఉంటుంది. “మ్యాడ్ మ్యాక్స్, డ్యూన్, స్టార్ వార్స్ మూడు గలిపి కొట్టిండు” అని కూడా చేర్చాడు. దేశంలో చాలామంది విమర్శకులు రాసిన పోలికలే కాబట్టి మనం తప్పు పట్టలేం. ఒక పోరడు మాత్రం పట్టాడు.

“నువ్వు డ్యూన్ చూసినవా అన్నా?”

“చూసుడేంటికి? దాని రివ్యూ చూసిన.”

సాయంత్రం కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేని ఈ మనిషికి 2898 సంగతులన్నీ తెలుసు. “అప్పుడు అట్లుండదు తమ్మీ” అని బల్ల గుద్దుతాడు. సినిమాలో గంగ ఎండిపోతుంది. లోకంలో మిగిలిన ఒకే ఒక్క ఊరు కాశీ. నీళ్లూ పచ్చదనమూ అన్నీ ఆకాశంలో తలకిందులుగా వేలాడే కాంప్లెక్స్‌లో ఉంటాయి, అందులోకి పోవాలంటే పది లక్షల యూనిట్లు కట్టాలి. అందరూ నోరు తెరుచుకుని చూసిన ఆ కాంప్లెక్సే రేటింగన్నకు ఎక్కలేదు. “కింది నీళ్లు మీదికి గుంజుకునుడు జూపెట్టెతందుకు 2898 దాక పోవాల్నా? ఎల్లూరు పంపుల కాడికి వస్తే నేను జూపెడుదు గదా! గుడి భూమిలకెళ్లి బయటపడుడు గొప్పనా? మన సోమశిల కాడ ఏరు దాటితే సంగమేశ్వరం ఉండె. నీళ్లు తగ్గినప్పుడల్లా బయటికొస్తనే ఉంటది, టికెట్ లేకుండ.”

హైదరాబాదులో, బొంబాయిలో చుక్కలు పంచినవాళ్లెవరికీ ఈ మాట తట్టి ఉండదని నా నమ్మకం. శ్రీశైలం నీళ్లలో మంచాలకట్ట మునుగుతుంటే మాధవస్వామి గుడిని విప్పి తెచ్చి మళ్లీ కట్టుకున్న ఊరు మాది. లోకం మునిగిపోవడమనేది మా దగ్గర భవిష్యత్తు కథ కాదు, రెవెన్యూ రికార్డు. ఇంత మాట అన్నవాడు అక్కడితో ఆగితే పెద్ద విమర్శకుడయ్యేవాడు. ఆగలేదు. “దీపిక చీర కట్టుంటే ఇంకో పావు వేస్తుంటి” అన్నాడు.

హోటల్ సేటు సినిమా మొత్తంలో మెచ్చింది బ్రహ్మానందాన్ని ఒక్కణ్నే. ప్రభాస్ వేసిన భైరవ ఇంటి కిరాయి ఎగ్గొడుతూ తిరుగుతుంటాడు, బ్రహ్మానందం ఇంటి ఓనరు. “గా బాధ ఉన్నోనికే ఎరుక” అని సేటు చాయ్ బాకీల నోటుబుక్కు వైపు చూశాడు. రేటింగన్న వెంటనే సంగీతం మీదికి మళ్లాడు.

రిటైర్డ్ తెలుగు సారు పద్దు వేరు. చివర్లో కమల్‌హాసన్ నోట శ్రీశ్రీ కవిత వినపడగానే హాల్లో చప్పట్లు కొట్టింది తనొక్కడేనట. “విలన్ నోట శ్రీశ్రీ ఏంటికి సార్?” అని రేటింగన్న నిలదీశాడు. “ఆయన్ని ఎక్కువ వాడుకున్నది వాళ్లేనయ్యా” అన్నాడు సారు. 1991లోనే సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ తీసి బాలకృష్ణను 2504కు పంపి వెనక్కి తెచ్చాడనీ, ఈ కల్కికీ ఆ సింగీతమే పెద్దదిక్కుగా నిలబడ్డాడనీ గుర్తు చేశాడు.

రేటింగన్నకు అసలు చిక్కు జిల్లాతో వచ్చింది. దర్శకుడు నాగ్ అశ్విన్ సొంతూరు మా నాగర్‌కర్నూల్ జిల్లా తాడూరు మండలం ఐతోల్. అర్జునుడిగా కనిపించిన విజయ్ దేవరకొండ వాళ్లది బల్మూరు మండలం తుమ్మన్‌పేట. తిడితే జిల్లా పరువు పోతుంది, పొగిడితే విమర్శకుడి పరువు పోతుంది. అందుకే ల్యాగు మొత్తం ఎడిటర్ ఖాతాలో, పాటలు సంతోష్ నారాయణన్ ఖాతాలో వేసి దర్శకుణ్ని శుభ్రంగా బయటపడేశాడు. అర్జునుడి డైలాగులు మనవాడి నోట సరిగ్గా పలకలేదని లోకమంతా ఎగతాళి చేసినప్పుడు మాత్రం గ్లాసు పక్కన పెట్టి లేచాడు.

“కురుక్షేత్రంల అర్జునుడు యే యాసల మాట్లాడిండో విన్నోడు ఎవడన్న ఉంటే నా ముందటికి రమ్మను!”

రమ్మనకుండానే ఒకరు వచ్చారు. పెద్దకొత్తపల్లి బస్సు కోసం కూర్చున్న ముసలాయన, వయసులో ఉన్నప్పుడు బాగోతాలు ఆడినవాడు. “నేనే మాట్లాడిన బిడ్డా. అర్జునుని యేషం పదేండ్లు గట్టిన. మన లెక్కనే మాట్లాడుతుంటి. ఎవ్వలు నవ్వలే.” తర్వాత కాసేపు గడ్డం గోక్కుని, “అశ్వత్థామను ముసలోన్ని జేసి మంచి పని జేసిండు పిలగాడు. చావు లేనోనికి ముసలితనం గూడ ఉండదని మేం రంగేసి పడుసోన్ని జేస్తుంటిమి. తప్పే అది” అన్నాడు. ఆ సినిమా మీద నేను చదివినవాటిలోనూ విన్నవాటిలోనూ నాకు నచ్చిన సమీక్ష ఇదే. దీనికి చుక్కలు లేవు.

ఆదివారం రేటింగన్న భార్యాపిల్లలతో మళ్లీ పోయాడు. ఇంటర్వెల్ దాకా వదిన నిద్రపోయిందట. “చూసినవా, నేను చెప్పిన ల్యాగు!” అని ఈయన సంబరం. “ల్యాగు గాదు, మన్ను గాదు. నాలుగు దినాలసంది నీ నోట కథంతా వింటి. ఇంక చూసుడేంటికని పండుకుంటి” అందామె. నెల తిరక్కుండానే వెయ్యి కోట్లు దాటిందని నిర్మాతలు పోస్టరు వేస్తే, “ల్యాగు తీసేసి ఉంటే పదిహేను వందలు” అన్నాడు. ఎక్కడా తడబడలేదు.

ఆగస్టులో హిందీ నటుడు అర్షద్ వార్సీ ఈ సినిమాలో ప్రభాస్ జోకర్‌లా ఉన్నాడన్నాడు. సరిగ్గా ఆ ముక్కనే జూన్‌లో అదే బెంచీ మీద కూర్చుని మా రేటింగన్న అన్నాడు, సాక్షులం ఆరుగురం ఉన్నాం. అయినా వార్సీ మాట విన్న రోజు ఆయన్ని పట్టడం మావల్ల కాలేదు. “మన పోరన్ని అనెతందుకు వాడెవ్వడు?” అంటూ చాయ్ చల్లారేదాకా ఊగిపోయాడు. గుర్తు చేసిన పోరడికి, “నేనంటే విమర్శ, వాడంటే కుళ్లు” అని తేడా వివరించాడు.

2025 సెప్టెంబరులో వైజయంతీ మూవీస్ వాళ్లు, రెండో భాగంలో దీపికా పదుకోణె ఉండబోదని ప్రకటించారు. సాయంత్రానికి బెంచీ నిండింది.

“పార్ట్ టూ రెండున్నరకు దిగిపోయింది తమ్మీ.”

“ఇంకా తియ్యనే లేదు గదన్నా?”

“తీసినంక చెప్పెతందుకు నేనేంటికి? అందరూ చెప్తరు.”