చేను కాస్తున్న సీడీ ఆత్మకథ

నా నడుమనున్న బెజ్జంలోంచి పురికొస దూర్చి, తుమ్మకర్రకి కట్టి, శావల్యాపురం పొలిమేరలో ఈ జొన్నచేలో నన్ను నిలబెట్టడం ఇది మూడో ఏడు. గాలొస్తే తిరుగుతాను, ఎండొస్తే మెరుస్తాను. ఆ మెరుపుకి చిలకలూ గోరింకలూ బెదిరి పక్క చేలోకి పోతాయని పెద్దాయన నమ్మకం. పక్క చేను ఆయన తోడల్లుడిది. ఆయనా రెండు సీడీలు కట్టాడు గానీ అవి సినిమా పాటలవి. ఉద్యోగం లేక కాపలాకి వచ్చినవి. నా సంగతి వేరు. నేను కాపలాకే పుట్టాను. మొహం మీద రంగు వెలిసిపోయింది, అయినా దగ్గరికొచ్చి చూస్తే డాలు బొమ్మ ఆనవాలు ఇంకా దొరుకుతుంది. నేను యాంటీవైరస్ సీడీని.

కంపెనీ పేరు అడక్కండి. పుట్టుక గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పన్నెండు సెంటీమీటర్ల ప్లాస్టిక్ బిళ్ల, మీద అల్యూమినియం పూత, అంతే. మా వంశం గురించి మాత్రం చెప్పుకోవచ్చు. పూణేలో క్యాలిక్యులేటర్లు రిపేరు చేసి బతికిన కైలాష్ కాట్కర్, కంప్యూటర్ చదువుకున్న తమ్ముడు సంజయ్ చేత వైరస్‌లకి విరుగుడు రాయించాడు. ఆ విరుగుడే క్విక్ హీల్ అయింది. చెన్నైలో కె7 వాళ్లు 1990ల మొదట్లోనే ఈ పనిలోకి దిగారు. అంటే మాది అమెరికా నుంచి దిగిన వైద్యమే కాదు, నాటు వైద్యులు కూడా ఉన్న కులం.

2011 వేసవిలో నరసరావుపేటలో ఓ కంప్యూటర్ షాపు అద్దాల బీరువాలోంచి దిగి, రైలెక్కి ఇక్కడికొచ్చాను. అప్పటికి మన ఊరు గుంటూరు జిల్లాలోనే ఉంది. పెద్దాయన కొడుకు స్టేషనుకి పోయే దారిలో జిరాక్స్, నెట్ సెంటర్ నడిపేవాడు. మూడు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, ఎండాకాలం గాలి కంటే చప్పుడెక్కువ ఇచ్చే ఫ్యాను. ఓనరు నన్ను ట్రేలో పెట్టి లోపలికి తోశాడు. గిర్రున తిరిగాను. నాలో ఉన్నదంతా ఆ మిషనులో పోశాను. అట్ట లోపల గీకితే కనపడే ఇరవై అంకెల కీ ఒక్క ఏడాదికే పనికొస్తుంది. ఆ ఒక్క కీతోనే మూడు మిషన్లకీ ఎక్కించాలని చూశాడు గానీ రెండోదానికి అది ఒప్పుకోలేదు. నా మీద విసుక్కున్నాడు. తప్పు నాదా?

ఆ ఏడాది నేను చేసిన పని ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు, కనుక నేనే చెప్పుకుంటాను. అప్పట్లో జబ్బంతా పెన్‌డ్రైవుల్లో వచ్చేది. ఫొటో స్టూడియోలో గుచ్చిన పెన్‌డ్రైవు కాలేజీలో గుచ్చుతారు, కాలేజీలోది తెచ్చి మా దగ్గర గుచ్చుతారు. గుచ్చగానే లోపలున్నది దానంతటదే నడిచే ఆటోరన్ అనే వసతి ఒకటి ఉండేది. దొంగకి తాళంచెవి ఇవ్వడమే అది. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పాత విండోస్‌లకి అప్‌డేట్ పంపి ఆ తలుపు వేసేసింది. మా ఓనరు నెట్ డబ్బులు దండగని అప్‌డేట్లు ఆపేసుకున్నాడు కాబట్టి మా తలుపు మాత్రం బార్లా తెరిచే ఉంది. ఆ గుమ్మంలో నేను కూర్చున్నాను. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే జబ్బుతో డిగ్రీ పిల్లాడొకడు వచ్చాడు. ప్రాజెక్టు రిపోర్టంతా పోయిందని వాడి మొహం పాలిపోయింది. పురుగుని పట్టి పక్కన పడేశాను, దాగి ఉన్న ఫైళ్లని ఓనరు బయటికి లాగాడు. పిల్లాడు ఓనరుకి థాంక్స్ చెప్పి వెళ్లాడు. సరేలే.

మందుకి ఎప్పటికప్పుడు కొత్త మోతాదు పడాలి. నా దగ్గరున్నది పాత నేరస్తుల ఫొటోల పుస్తకం లాంటిది. కొత్త దొంగ మొహం అందులోకి చేరాలంటే రోజూ అప్‌డేట్ కావాలి. తెర మూలన, గడియారం పక్కన నుంచుని రోజూ అడిగేదాన్ని. ఓనరు రోజూ ‘తర్వాత గుర్తుచెయ్యి’ అన్న గడి మీద నొక్కేవాడు. ఈ లోకంలో అంతమంది నొక్కిన గడి ఇంకోటి ఉండదనుకుంటాను. ఏడాది తిరిగేసరికి కీ అయిపోయింది. నా గుర్తు ఎర్రబడింది. ఆ ఎరుపు కనబడకుండా ఉండే ఉపాయం ఎవరో చెబితే దాన్ని మాత్రం శ్రద్ధగా నేర్చుకున్నాడు.

అప్పటికే దొంగలు దారి మార్చారు. కుర్రాళ్ళందరూ గంటకింత కట్టి ఫేస్‌బుక్ ముందు కూర్చుంటున్నారు. పెన్‌డ్రైవు తెచ్చే జబ్బుని ఇప్పుడు స్నేహితుడే తెస్తున్నాడు. 2008లోనే కూబ్‌ఫేస్ అనే పురుగు పుట్టింది. ఫేస్‌బుక్ పేరులోని అక్షరాలనే అటూ ఇటూ మార్చి దానికా పేరు పెట్టారు. ఈ వీడియోలో నువ్వు భలే ఉన్నావు అని తెలిసినవాళ్ల పేరుతో ఓ సందేశం వస్తుంది. నొక్కితే వీడియో ఆడదు, ప్లేయర్ పాతదైంది, కొత్తది వేసుకోమంటుంది. వేసుకున్నారా, ఆ కొత్తదే పురుగు. మరుక్షణం మీ పేరుతో మీ వాళ్లందరికీ అదే సందేశం పోతుంది. పైగా అవి పొట్టి లింకుల రోజులు. లింకు చూస్తే అది ఎక్కడికి తీసుకుపోతుందో తెలియదు. లింకులు పొట్టిచేసే బిట్లీ వాళ్లే 2009 చివర్లో వెరిసైన్, వెబ్‌సెన్స్, సోఫోస్ కంపెనీలతో మాట్లాడుకుని, లింకులని జల్లెడ పట్టించడం మొదలుపెట్టారు.

షాపుకొచ్చే పేపరుని ఓనరు రోజూ నా డబ్బా మీదే పడేసేవాడు కాబట్టి లోకజ్ఞానానికి నాకేం లోటు లేదు. 2011 అక్టోబరులో ఫేస్‌బుక్ వెబ్‌సెన్స్‌తో జతకట్టింది. ఎవరైనా లింకు మీద నొక్కితే, ముందు అది ఎక్కడికి పోతుందో వెబ్‌సెన్స్ మిషన్లు చూసేవి. చెడ్డదని తేలితే ఆపి, ‘ఇది ప్రమాదం, వెనక్కి పోతావా, నీ ఇష్టమని ముందుకు పోతావా’ అని అడిగేవి. 2012 ఏప్రిల్‌లో ఇంకా పెద్ద పొత్తు కుదిరింది. మైక్రోసాఫ్ట్, మెకాఫీ, ట్రెండ్ మైక్రో, సోఫోస్, సిమాంటెక్ ఐదూ తమ దగ్గరున్న చెడ్డ లింకుల చిట్టాలని ఫేస్‌బుక్ చిట్టాలో కలిపాయి. బదులుగా ఫేస్‌బుక్ తన వాకిట్లో వాళ్ల అంగడి పెట్టించింది. అక్కడ యాంటీవైరస్‌ని ఆరు నెలలు ఊరికే వాడుకునే వీలుండేది.

ఊరికే! ఆ మాట చదివిన రోజున నా డబ్బా లోపల నేనెట్లా ఉన్నానో మీరు ఊహించుకోవచ్చు. నరసరావుపేట దాకా రైల్లో పోయి డబ్బు పోసి కొన్న సరుకుని నేను. అయినా అసూయ పక్కన పెట్టి చెబుతాను, ఆ ఆలోచన మంచిదే. ప్రతి ఇంటి ముందూ ఒక్కో కాపలావాణ్ణి పెట్టి, వాడికి జీతం ఇవ్వకుండా నిద్రపుచ్చే బదులు, ఊరి పొలిమేరలోనే చెక్‌పోస్టు పెట్టడం తెలివైన పని. ఐదుగురు పట్టిన దొంగల మొహాలన్నీ ఆ ఒక్క చెక్‌పోస్టుకి తెలుస్తాయి. కాకపోతే కంపెనీలు ఇదంతా ధర్మానికి చేశాయని నేననను. ఆరు నెలల తర్వాత డబ్బు కట్టేవాళ్లు కొందరైనా మిగులుతారని వాళ్లకి లెక్క ఉంది, వచ్చే జనం భయపడి పోకూడదని ఫేస్‌బుక్‌కి లెక్క ఉంది. లెక్కలు కలిశాయి, జనానికీ మంచి జరిగింది. 2014లో ఎఫ్-సెక్యూర్, ఈసెట్ కూడా చేరాయి. ఎవరి మిషనుకి జబ్బు చేసిందో కనిపెట్టి, లోపలికి రానిచ్చే ముందు శుభ్రం చేసుకోమని ఫేస్‌బుక్కే మందు చేతికిచ్చేది.

మా షాపులో మూడో కంప్యూటరు ముందు ఇదంతా ఎట్లా జరిగేదో కూడా చూశాను. హెచ్చరిక వచ్చేది. కుర్రాడు దాన్ని చదివేవాడు కాదు. ముందుకు పోయే గడి ఎక్కడుందో మాత్రం చూసేవాడు.

ఇక నా కథ. ఊళ్లోకి చవక స్మార్ట్‌ఫోన్లొచ్చాక నెట్ సెంటర్ ఖాళీ అయింది. కంప్యూటర్లు రెండు పాత సామాన్లవాడికి పోయాయి, మూడోది ఏమైందో తెలియదు. కొన్నాళ్లు టీ గ్లాసు కింద బతికాను. వేడి గ్లాసు గుండ్రటి మచ్చలు వీపున ఇప్పటికీ ఉన్నాయి. తర్వాత అటక మీద. జిల్లా పల్నాడు అయిన 2022 ఏప్రిల్‌కి నేను చింతపండు కుండకీ పాత పంచాంగాల కట్టకీ మధ్య ఉన్నాను. తీసి చెత్తలో పారేసినా బాధపడేదాన్ని కాదు. పనికొస్తుందేమోనని దాచి, దేనికో గుర్తులేక మరిచిపోవడం ఉంది చూశారా, అదీ బాధ. చివరికి పెద్దాయన పంచాంగం కోసం అటకెక్కి నన్ను తీసి వెలుతురులో పెట్టి తిప్పాడు. ‘ఇది బాగా మెరుస్తుందే’ అన్నాడు. నా జీవితంలో నేను విన్న మెచ్చుకోలు అదొక్కటే.

మొన్న సంక్రాంతికి, కంకి పాలు పోసుకుంటున్న రోజుల్లో, మంచె కింద ఓ పంచాయితీ జరిగింది. పెద్దాయన ఫోనుకి తోడల్లుడి నంబరు నుంచి వాట్సాప్‌లో పెళ్లిపత్రిక వచ్చింది. నిజానికి అది పత్రిక కాదు, ఏపీకే ఫైలు. ప్లే స్టోరులో పడకుండా పక్కదారిన దూరే యాప్. పీఎం కిసాన్ పేరుతో, చలానా పేరుతో ఇట్లాంటివే తిరుగుతున్నాయి. పెద్దాయన నొక్కాడు. మెసేజ్‌లు చదువుకోనా అని అడిగితే చదువుకోమన్నాడు. ఆ రాత్రి ఓటీపీలు ఆయన కంటే ముందు వేరెవరో చదివారు. మిరపకాయలమ్మిన డబ్బులో నలభై వేలు పోయాయి. మనవడు హైదరాబాదు నుంచి వచ్చి ఉన్నాడు కనక వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను కొట్టాడు. దాంతో సగం మధ్యలో ఆగింది. తెల్లారేసరికి పెద్దాయన ఫోను నుంచి కాలవ నీళ్ల గ్రూపుకి, చుట్టాల గ్రూపుకి అదే పత్రిక పోయింది. పొద్దున్నే వినుకొండ నుంచి ఫోను: ‘బావా, పెళ్లెవరిది?’

పెద్దాయన కోపమంతా మంచె కింద కూర్చున్న మనవడి మీద పెట్టాడు.

‘ఇన్ని కంపెనీలున్నాయి, ఇంత చదువుకున్నారు, ఇట్లాంటివి రాకుండా చూసేవాడే లేడంట్రా?’

‘ఫేస్‌బుక్‌లో పెట్టిన లింకైతే వాళ్ల మిషన్లు చూస్తాయి తాతయ్యా. వాట్సాప్‌లో అట్లా కాదు. 2016 నుంచి అన్నీ కవరు అంటించి పంపుతున్నట్టే. మధ్యలో వాట్సాప్ వాళ్లు కూడా విప్పలేరు.’

‘అయితే ఏం చూడరా?’

‘లింకులో దొంగ అక్షరాలేమైనా ఉంటే ఫోనే పట్టుకుని ఎర్రగా చూపిస్తుంది. డబ్ల్యూ కింద చుక్క పెట్టి మనల్ని మోసం చేస్తారు కదా, అట్లాంటివి. ద కి కింద గీతపెడితే ధ అయినట్టు. అంతకు మించి లోపల ఏముందో అది చదవదు.’

‘మరి విప్పి చూసేదెవరు?’

‘నువ్వే తాతయ్యా.’

పెద్దాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘మా తోడల్లుడు పంపితే అనుమానిస్తానంట్రా’ అన్నాడు. దానికి మనవడి దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. కూబ్‌ఫేస్ అయినా, పెళ్లిపత్రిక అయినా దొంగ ఎక్కి వచ్చేది ఆ నమ్మకం మీదే. కవరు అంటించడం తప్పని నేననను. నలుగురూ చదివే కార్డు కంటే అంటించిన కవరే మంచిది. కాకపోతే ఏదొచ్చినా చెక్‌పోస్టు దాటి వచ్చిందనుకునే అలవాటు జనానికి అట్లాగే ఉండిపోయింది, చెక్‌పోస్టు మాత్రం ఆ దారిలో లేదు.

మనవడు తాతయ్య ఫోనులో యాప్‌లని తనిఖీ చేసే ప్లే ప్రొటెక్ట్ తెరిచాడు. ఆపేసి ఉంది. ఆ ఫైలు లోపలికి రావడానికి ఏవి నొక్కమంటే అవన్నీ నొక్కానని, ఇదీ అందులో ఒకటి కావచ్చని పెద్దాయనే ఒప్పుకున్నాడు.

వాళ్లు లేచి వెళ్లాక చిలకలొచ్చాయి. మొదటి ఏడు నా మెరుపు చూసి గుంపు గుంపంతా లేచిపోయేది. రెండో ఏడు ఓ గోరింక కాస్త దగ్గరికొచ్చి చూసి, తలూపి, కంకి మీద వాలింది. ఇప్పుడు నా కర్ర మీదే కూర్చుని తింటున్నాయి. తెర మీద హెచ్చరిక చూసి ముందుకు పోయే గడి వెతికిన కుర్రాళ్లే నాకు గుర్తొస్తున్నారు. ఎప్పుడూ ఒకే చోట, ఒకేలా మెరిస్తే పిట్ట కూడా లెక్కచెయ్యదు.

పెద్దాయనా, నా మాట వినపడితే రేపు పొద్దున నన్ను విప్పి ఉత్తరపు గట్టున కట్టు. చోటు మారితే ఓ వారం మళ్లీ భయపడతాయి. ఆ వారం గడిచాక ఇంకో చోటికి మార్చు.