పాయింటు బాబాయి

హైదరాబాదు శివారులో ప్రతి కాలనీకి ఒక సంక్షేమ సంఘం, ఒక వినాయక మండపం, ఒక పాయింటు బాబాయి తప్పనిసరి. మొదటి రెండింటికీ చందా ఇవ్వాలి. మూడోవారికి కాఫీ ఇస్తే చాలు. బోరుకు పాయింటు పెట్టి, అంటే నీళ్ళున్న చోటు చూపించి, డబ్బు తీసుకుంటే విద్య పోతుందని ఆయన నమ్మకం. ఆయన చూపించిన చోట తవ్వించినందుకు అయ్యే ఖర్చు వేరే సంగతి.

బాబాయి ఉద్యోగం చేసింది సహకార శాఖ ఆడిట్‌లో. ఆ శాఖకూ భూగర్భ జలాలకూ ఉన్న బంధుత్వమల్లా, రిటైరయ్యాక ఆయన ఇల్లు కట్టుకున్న కాలనీలో బోరు ఉండటమే. 1990ల్లో వేసిన ఆ బోరుకు నూట ఇరవై అడుగుల్లోనే నీళ్ళు పడ్డాయి. ఆ రోజుల్లో ఆ వీధిలో ఎక్కడ తవ్వినా పడేవి. ఎగువన చెరువు అప్పటికింకా చెరువుగానే ఉండేది, వెంచరు కాలేదు. రాయి మీది మొరం పొర నిండా నీళ్ళుండేవి. అయితే ఆ పాయింటు పెట్టింది ఆయన చెయ్యి. కాబట్టి ఘనతంతా చేతిదే, చెరువుది కాదు.

ఆయన పరికరాలు మూడు: పిలక ఉన్న కొబ్బరికాయ, పంగల వేపపుల్ల, వంచిన రెండు రాగి తీగలు. నాలుగోది ఒంట్లోనే ఉంది, ఓ పాజిటివ్ రక్తం. ఆ గ్రూపు వాళ్ళకే జల తెలుస్తుందని ఆయన సిద్ధాంతం. మన దేశంలో ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరిది ఆ రక్తమే. ఆ లెక్కన నీళ్ళు కనిపెట్టగలవాళ్ళకు మనకేం కొదవ లేదు, కొదవల్లా నీళ్ళకే.

పాయింటు చూసే రోజు తెల్లవారకముందే వస్తాడు. చెప్పులు గేటు బయట విడిచి, అరచేతిలో కాయను అడ్డంగా పడుకోబెట్టుకుని స్థలమంతా నడుస్తాడు. జల ఉన్నచోట కాయ నిటారుగా లేవాలి. అయితే నడక మొదలుపెట్టేముందు ఇంటాయన్ని మూడు ప్రశ్నలు అడుగుతాడు. ఈశాన్యం ఏ మూల? పైన కరెంటు తీగలు ఎటు పోతున్నాయి? రిగ్గు లారీ ఏ వైపునుంచి వెనక్కి వస్తుంది? ఆ తర్వాత రెండు వందల గజాల ప్లాటులో కాయ ఎక్కడ లేస్తుందో చెప్పడానికి పెద్ద విద్య అక్కర్లేదు. ఈశాన్యంలో, తీగలు లేని చోట, లారీ నిలబడగలిగే జానెడు జాగాలో లేస్తుంది. భూమి లోపలి నీళ్ళు కూడా వాస్తు పాటిస్తాయని, కరెంటు వాళ్ళంటే జంకుతాయని మా కాలనీకి తెలిసింది ఆయన వల్లే.

అప్పుడప్పుడు వరాహమిహిరుణ్ణి కూడా సాక్ష్యానికి పిలుస్తాడు. ఆరో శతాబ్దపు ఆ పండితుడు బృహత్సంహితలో దకార్గళమని నీటి జాడల మీద ఒక అధ్యాయమే రాశాడు. నేరేడు చెట్టుకు తూర్పున దగ్గర్లో పుట్ట ఉంటే, చెట్టుకు దక్షిణాన రెండు పురుషుల లోతులో తియ్యటి నీళ్ళుంటాయని అందులో ఉంది. పురుషుడంటే చేతులెత్తి నిలబడ్డ మనిషి ఎత్తు. పాపం వరాహమిహిరుడు చెట్టు చూసి, పుట్ట చూసి, మట్టి చూసి, లోతు ఇంతని చెప్పి మాటకు కట్టుబడ్డాడు. మా కాలనీలో నేరేడు చెట్టు లేదు, సీజన్లో నేరేడుపళ్ళ బండి వస్తుంది. పుట్ట ఉండేది, దాన్ని చదును చేసి ఫంక్షన్ హాలు కట్టారు. రెండు పురుషుల లోతు మాట అటుంచితే, నిరుడు మూలమీది ఇంట్లో వేసిన బోరు వెయ్యడుగులు దాటింది. అంటే నూట ముప్ఫై మంది పురుషులు ఒకరు ఎత్తిన చేతుల మీద ఇంకొకరు నిలబడాలి. నిలబడినా వాళ్ళ కాళ్ళు తడవవు.

బాబాయికి ఏకైక ప్రత్యర్థి జియాలజిస్టు అమ్మాయి. నాలుగు ఇనప మేకులు నేలలో దిగ్గొట్టి, వాటి మధ్య వైర్లు లాగి, మీటరు పెట్టి, భూమిలోకి కరెంటు పంపి ఏ లోతులో ఎంత అడ్డు తగులుతుందో లెక్కలు రాసుకుంటుంది. తడి ఉన్న పగుళ్ళలో కరెంటు సులువుగా పోతుంది, గట్టి రాతిలో పోదు. బాబాయి చేతులు వెనక్కి కట్టుకుని చూసి, “ఎందుకమ్మా, షాకు కొట్టి గంగమ్మను బెదరగొడతావు?” అంటాడు. ఆ అమ్మాయి ఓపిగ్గా చెబుతుంది. మన కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు. ఆ రాయి నీళ్ళు పీల్చుకోదు, పట్టుకోదు. పైన వాతావరణానికి శిథిలమైన పొరలోనూ, దాని కింది పగుళ్ళలోనూ ఉన్నవే నీళ్ళు. ఆ పగుళ్ళు కూడా ఎక్కువగా మొదటి మూడొందల అడుగుల్లోనే ఉంటాయి, కిందికి పోయేకొద్దీ తగ్గిపోతాయి. “ఇక్కడ నూట ఎనభై దగ్గర ఒక పగులు ఉండొచ్చు. మూడొందల్లో రాకపోతే ఆపేయండి సార్.”

ఇంటాయన ఆమెకు ఫీజు ఇచ్చి, బాబాయి మాట వింటాడు. కారణం చిన్నది. ఆమె “ఉండొచ్చు” అంది. ఈయన “ఉంది” అన్నాడు. లక్షలు ఖర్చు పెట్టబోయేవాడి చెవికి “ఉండొచ్చు” ఆనదు.

రిగ్గు అర్ధరాత్రి వస్తుంది. ఒక లారీ మీద రిగ్గు, ఇంకో లారీ మీద కంప్రెసరు, రెండింటి మీదా తమిళ అక్షరాలు. దక్షిణాదిలో తిరిగే రిగ్గుల్లో చాలావాటికి పుట్టిల్లు తిరుచెంగోడు. 2002లో వచ్చిన వాల్టా చట్టం బోరు వేసేముందు అనుమతి తీసుకోమంటుంది. బాబాయి అనుమతి అడిగేది ఒక్క గంగమ్మనే. పసుపు, కుంకుమ, అగరొత్తులు అయ్యాక ఇంకో కొబ్బరికాయ కొడతారు. నిలబడ్డ కాయను కొట్టకూడదు, అది బాబాయితో ఇంటికి వెళ్ళిపోతుంది. మర్నాడు వాళ్ళింట్లో పచ్చడి ఏమిటో అడగకూడదు.

ఎర్రమట్టి, మొరం దాటేదాకా కేసింగు దించుతారు. గట్టి రాయి తగిలాక ఆరున్నర అంగుళాల బిట్టు హోరుమంటూ దిగుతుంది, రాతిపొడి ఆకాశానికి లేస్తుంది. పక్కింటి తులసికోట, ఎదురింటి కారు, మేడమీది వడియాలు ఒకే రంగుకు వస్తాయి. బాబాయి తుండుగుడ్డ తలకు చుట్టుకుని ఆ పొడిని గుప్పెడు తీసి, వేళ్ళమధ్య నలిపి, వాసన చూసి, నాలుక చివర పెట్టుకుంటాడు. నల్లపొడి వస్తే “నల్లరాయి, దీని కిందే జల.” పలుగురాయి ముక్కలు వస్తే “ఇదే జల దారి.” ఇందులో రెండో మాట అప్పుడప్పుడు నిజమే. పలుగురాయి చీలికలు పట్టుకుని నీళ్ళుండటం కద్దు. ఆ సంగతి తెలిసినవాడిలా కనిపిస్తాడనే పక్కనున్నవాళ్ళు మొదటి మాట కూడా నమ్ముతారు.

మూడొందలు దాటింది. పొడి పొడిగానే వస్తోంది. రాడ్డుకు ఇరవై అడుగులు. లోతు పెరిగేకొద్దీ అడుగు రేటూ పెరుగుతుంది. ఆపరేటరు ఇంటాయన మొహంలోకి చూస్తాడు, ఇంటాయన బాబాయి మొహంలోకి చూస్తాడు. బాబాయి ఒక వేలెత్తుతాడు. “ఇంకో రాడ్డు.” అది కూడా పొడే. “ఇంత దాకా వచ్చి ఆపుతావా అబ్బాయ్? ఇంకో రాడ్డు.” పేకాటలో పోయినవాడు లేవలేనట్టే, బోరులో పోయినవాడు ఆపలేడు. ఎవరి జేబులోంచి పోతోందో వాడికి చెమట పడుతుంది. ఎవరి జేబులోంచీ పోని బాబాయికి మాత్రం ధైర్యం పెరుగుతుంది.

నీళ్ళు పడితే ఆ వైభోగం చూడాలి. కంప్రెసరు గాలికి బురదనీళ్ళు రెండంతస్తులు లేస్తాయి. ఇంటావిడ దణ్ణం పెడుతుంది. బాబాయి బొటనవేలు అడ్డం పెట్టి “రెండున్నర అంగుళాలు” అని తీర్పిస్తాడు. పగుల్లో నిలవున్న నీళ్ళు గాలి తోపుకు ఒక్కసారిగా పైకి తన్నుతాయని, మోటారు దించి నాలుగు వారాలు ఆడిస్తేగానీ అసలు సంగతి తేలదని ఆపరేటరుకు తెలుసు. బిల్లు చేతికి రాకముందు ఆ మాట ఎందుకంటాడు?

పడకపోతే బాబాయి దగ్గర కారణాలకు కరువు లేదు. లారీ జాకీ వేసేటప్పుడు పాయింటు అరడుగు జరిగింది. పూజలో ఎవరో చెప్పులతో నిలబడ్డారు. కేసింగు జలనోరు మూసేసింది. పక్కింటి బోరు లాక్కుపోయింది. ఇంకొక్క రాడ్డు వేసుంటే! ముప్ఫై ఏళ్ళు పరుల పద్దుల్లో పైసా తేడా వచ్చినా నిద్రపోని ఆడిటరు, తన పాయింట్లకు మాత్రం జమ పేజీ ఒక్కటే రాసుకున్నాడు, ఖర్చు పేజీ లేదు. పడ్డవన్నీ ఆయనకు తేదీలతో గుర్తు. పడనివి ఇంటివాళ్ళకు ఈఎంఐ తేదీలతో గుర్తు.

ఇంత జరిగినా మళ్ళీ వేసవి వచ్చేసరికి ఇంకో ఇంటివాళ్ళు ఆయన్నే పిలుస్తారు. మనవాళ్ళకు తెలివి లేక కాదు. గ్రానైటు మీద బోరంటే ఎంత చదువుకున్నవాడికైనా కొంత జూదమే. ఓడిపోయినప్పుడు తిట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. రాతిని తిడితే ఏం లాభం? బాబాయిని తిట్టుకోవచ్చు, సాయంత్రం ఆయనతోనే కూర్చుని కాఫీ తాగవచ్చు. ఆ కాఫీకి నీళ్ళు ట్యాంకరువి.

అందుకని మీ కాలనీ బాబాయిని మానిపించమని నేననను, ఆయన మానడు. ఒక్క పని చెయ్యండి. మూడొందల అడుగుల దగ్గర ఆయన వేలెత్తగానే కాఫీ గ్లాసు చేతిలో పెట్టి ఇంట్లోకి పిలవండి, రిగ్గు ఆపించండి. ఎండిన బోరు నోరు గట్టిగా మూయించండి, తెరిచి వదిలేస్తే పసిపిల్లలకు ప్రాణగండం. మిగిలిన ఆ రాడ్ల డబ్బుతో మేడమీది వాననీరు దిగేచోట ఇంకుడుగుంత తవ్వించండి. దానికీ ఆయన చేతే పాయింటు పెట్టించండి. వాన పైనుంచే పడుతుంది కాబట్టి, ఈసారి పాయింటు తప్పే ప్రమాదం లేదు.