ఇనుమూ సున్నమూ నేనూ

మా రాచర్లలో బైపాస్ అంటే రెండే. ఒకటి రోడ్డుకి, రెండోది గుండెకి. నేను పొట్టకి చేయించుకొచ్చానంటే మా మామ చాలాసేపు నా మొహం చూసి, "అంటే ఏందిరా? అన్నం పక్కదారిన పోతాదా?" అన్నాడు.

హైదరాబాదులో డాక్టరు బొమ్మలు గీసి గంటసేపు చెప్పింది కూడా అదే. పొట్ట పైభాగంలో కోడిగుడ్డంత సంచి మిగిల్చి, చిన్నపేగు మొదటి ముక్కను దాటించి దిగువన అతికిస్తారు. ఊరికి బైపాస్ పడితే ఊళ్ళో టీకొట్లు ఈగలు తోలుకుంటాయి చూడండి, అట్లా అన్నమాట. ఇనుము, కాల్షియం ముఖ్యంగా బేరమాడే అంగళ్ళు ఆ దాటేసిన ముక్కలోనే ఉన్నాయట. ఇక బి12ని పేగు చివరిదాకా చేయిపట్టి నడిపించే సరుకు తయారయ్యేది పొట్టలో. ఆ పొట్ట ఉంది గానీ, అన్నం ముఖం చూసి మూడేళ్ళయింది.

అంతకుముందు నేను 126 కేజీలు. "వీడికి నీళ్ళు తాగినా ఒంటబడతాది" అనేది మా అవ్వ. ఇప్పుడు నిమ్మకాయంత సంగటి ముద్ద అరగంట తింటాను. అదీ ఒంటబట్టాలంటే బిళ్ళ పడాల్సిందే, బతికినన్నాళ్ళూ.

పోనీ, గుప్పెడు బిళ్ళలు ఒక్కసారి నోట్లో పోసుకుందామా అంటే కుదరదు. ఇనుముకీ సున్నానికీ, అదే కాల్షియానికీ, పడదు. అదేదో రెండు వర్గాల కక్షలాగా, ఒకటి ఉన్నచోటికి ఇంకొకటి రాకూడదు, మధ్యన కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. సున్నమైనా అంతా ఒక్కసారి మింగకూడదు. ఒక విడతకి 500 మిల్లీగ్రాములకు మించితే ఒళ్ళు పట్టించుకోదట, అందుకని రోజుకి మూడు వాయిదాలు. పొద్దున ఆరింటికి నిమ్మకాయ నీళ్ళతో ఇనుము. ఇనుము పడ్డాక టీ తాగకూడదు. ఇదీ అసలు శిక్ష. మా ఊళ్ళో పొద్దున్నే టీకొట్టు ముందు నిలబడి టీ వద్దన్నవాణ్ణి, ఎవరికో అప్పు ఎగ్గొట్టి తిరుగుతున్నవాణ్ణి చూసినట్టు చూస్తారు.

ఇంకో చిక్కు రాగి. నేను రోజూ తినేది రాగి సంగటి. రాగుల్లో ఉండేది సున్నం. రాగి ఉండేదేమో బిళ్ళలో. ఇది మా ఆవిడకి వివరించబోయి రెండుసార్లు ఓడిపోయాను. "ఇనుము, రాగి, జింకు... పాత సామాన్లవాడు వస్తే నిన్నే కాటా వేయించొచ్చు" అంది. గిద్దలూరు మందుల షాపు పిల్లోడికి కాల్షియం సిట్రేట్ కావాలని చెప్పడం ఇంకో తంటా. కార్బనేట్ కరగడానికి పొట్టలో ఆమ్లం కావాలి, నా దగ్గర ఆ సరుకు తక్కువ. "కాల్షియమంటే కాల్షియమే గదన్నా" అంటాడు వాడు. వాడి పొట్టకి నిజమే.

ఫోలిక్ యాసిడ్ వంతు వచ్చినప్పుడు మాత్రం కాస్త సిగ్గేస్తుంది. 1895లో భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి అన్నదమ్ములిద్దరు స్ప్రూతో పోయారు. తిన్నది ఒంటబట్టనీయని జబ్బది. ఆయన అమెరికా వెళ్ళి, లెడర్లీ కంపెనీలో తన బృందంతో 1940లలో ఫోలిక్ యాసిడ్ తయారు చేయిస్తే, అది ఆ స్ప్రూకే మందయింది. నేనేమో అప్పు చేసి మరీ తిన్నది ఒంటబట్టకుండా కోయించుకొచ్చి, ఆయన మందే మింగుతున్నాను.

మధ్యలో ఒక ఏడాది బిళ్ళలకి సెలవిచ్చాను. నలభై ఏడు కేజీలు తగ్గినవాడికి తానే డాక్టరనిపిస్తుంది. కాలేయం గాదెలో బి12 ఏళ్ళకి సరిపడా నిల్వ ఉంటుందట, అందుకే ముందు ఏమీ తెలియలేదు. గాదె అడుగు తేలాక ఒక శనివారం నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడికి పోయాం. గుండం దగ్గర మెట్లు దిగుతుంటే అరికాళ్ళలో చీమలు. దులుపుకుంటే పోవు. చెప్పులిప్పి చూస్తే ఒక్క చీమా లేదు. "గాలి సోకింది" అంది అవ్వ, తాయెత్తు కట్టించింది. రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ తిట్టింది. తాయెత్తు అట్లాగే ఉంచి, ఎర్రటి బి12 సూదులు వరసగా పొడిపించుకున్నాను. ఎవరి వల్ల తగ్గిందనే దానిమీద ఇంట్లో ఇప్పటికీ తీర్పు రాలేదు.

ఇప్పుడు ఎక్కడికి పోయినా నా బిళ్ళల డబ్బా వెంట ఉంటుంది. మొన్న కంభంలో పెళ్ళి పంక్తిలో డబ్బా తెరిచి, గారె ముక్క పక్కన బిళ్ళలు పేర్చుకుంటుంటే చుట్టూ జనం మూగారు. నేను సన్నబడింది కత్తితో అని ఎవరికీ గుర్తులేదు, బిళ్ళలు మాత్రం కళ్ళ ముందున్నాయి. ఎదురు విస్తరి దగ్గర్నుంచి మా మామ లేచొచ్చి చెవిలో అన్నాడు:

"అబ్బయ్యా, అందులో సన్నబడే బిళ్ళ యాదో నాకూ ఒకటియ్యి. ఇంకా లడ్డు రాలా."